డెల్బర్ట్ సొరుగు

తుపాకుల కొట్లో తుపాకుల మీద మిగిలేది తక్కువ. మిగిలేదంతా ఆ తర్వాత అమ్మే సామాను మీదే. మనిషి పిస్తోలు ఒకసారి కొంటాడు. పిడి చేతికి కుదరలేదని, గురి సరిగ్గా ఆనడం లేదని, ట్రిగ్గరు గట్టిగా ఉందని ఆ తర్వాత ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. అందుకని నాకు తృప్తి లేని మనుషులంటే మొదటి నుంచీ ఇష్టం. డెల్బర్ట్ హాఫ్మన్ అంటే మరీ ఇష్టం.

డెల్బర్ట్ మా మిజోరీ కొండల్లో ఇళ్లకు వంటగ్యాసు పోసే ట్యాంకరు నడుపుతాడు. కొన్నేళ్ల క్రితం నా దగ్గర మామూలు పిస్తోలు ఒకటి కొన్నాడు. కొన్న రోజునే తన ట్రక్కు వెనక తలుపు అంచు మీద పెట్టి, మరిచిపోయి తలుపు దించాడు. పిస్తోలు కంకర మీద పడి, పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగం, అంటే స్లైడు, కొసన నెలవంకలాగా చిన్న ముక్క ఎగిరిపోయింది. బిడ్డకు దెబ్బ తగిలినంత బాధపడ్డాడు. అదే పిస్తోలుతో ఆ వసంతంలో మా ఊరి పిస్తోలు క్లబ్బు పోటీ గెలిచాడు.

గెలిచిన మర్నాటి నుంచీ దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు. గెలిచిన పిస్తోలుకు బాగుచేయాల్సింది ఏముందని నేను అడగలేదు. కొట్టు పెట్టుకున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న కాదది.

మొదట పిడి మార్చాడు. తర్వాత గురి చూసే ముక్కలు, ముందుదీ వెనకదీ. తర్వాత బ్యారెల్. ఒక చలికాలం ఏకంగా స్లైడే మార్చాడు. కొత్తదానికి కిటికీల్లాగా కన్నాలు కోసి ఉన్నాయి.

"ఆ కన్నాలెందుకు?" అన్నాను.

"బరువు తగ్గుతుంది మావిస్. చెయ్యి తేలిగ్గా ఉంటుంది."

"నీ బరువు తగ్గించుకుంటే ఊరికే అయిపోయేది కదా."

"అప్పుడు నీకేం మిగులుతుంది?" అన్నాడు, నవ్వుతూ డబ్బు తీసి గల్లామీద పెట్టాడు. తెలివిగలవాడే. తన పిస్తోలు సంగతొచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎక్కడికో పోతుంది.

మా క్లబ్బులో ప్రతివాడింట్లోనూ కాఫీ డబ్బానో చెప్పుల అట్టపెట్టో ఒకటుంటుంది. పిస్తోలులోంచి పీకిన అసలు సామాను అందులో దాచుకుంటారు. రేపు అమ్మాలన్నా, బుద్ధి మారినా పనికొస్తుందని. డెల్బర్ట్ అలా కాదు. పీకిందల్లా నాకే ఇచ్చేసి, కొత్తదాని ధరలో తగ్గించమనేవాడు.

"ట్రిగ్గరు కూడా ఇచ్చేస్తావా? పాపం, అదేం చేసింది నిన్ను?" అన్నాను ఒకసారి.

"ఏం చేయలేదు. పాతదయింది, అంతే."

"ఆ మాట ట్వైలా చెవిన పడనీకు. ఆవిడ నీకంటే ఏడాది పెద్దది."

ట్వైలా ఆయన భార్య. బడిలో పిల్లలకు వంట చేస్తుంది. డెల్బర్ట్ ఇచ్చినదంతా గల్లా కింద ఒక సొరుగులో వేసేదాన్ని. దానికి డెల్బర్ట్ సొరుగు అని పేరే పడిపోయింది.

చివరికి అన్నిటికంటే మెత్తని స్ప్రింగు కావాలన్నాడు. ట్రిగ్గరు వెన్నలాగా నొక్కుకోవాలట. అప్పుడు మాత్రం చెప్పాను.

"డెల్, ఈ స్ప్రింగు మరీ మెత్తన. తూటా అడుగున, దెబ్బ తగిలితే అంటుకునే మందుటోపీ కాస్త గట్టిదైతే దీని దెబ్బ చాలదు. పేలదు."

"నా తూటాలు నేనే చేసుకుంటాను. నాకు తెలీదా ఏ టోపీ పెట్టాలో?"

ఒకసారి చెప్పడం నా ధర్మం. రెండోసారి చెబితే బేరం పోతుంది. చెప్పలేదు.

ఆయన తూటాలు చేసుకునే బల్ల దగ్గరే అసలు గొడవ. హాఫ్మన్ల ఇంట్లో వెచ్చగా ఉండే ఖాళీ గది ఒకటే. అందులో డెల్బర్ట్ తూటాల బల్ల, తుపాకిమందు డబ్బాలు, తూటాల ఖాళీ తొడుగుల బకెట్లు. ట్వైలా బొంతలు కుట్టే పెద్ద మిషను మాత్రం పెరట్లో రేకుల షెడ్డులో, గడ్డి కోసే యంత్రం పక్కన. ఆవిడ బొంతల కోసం పక్క జిల్లాల నుంచి మనుషులొస్తారు. చలికాలం అక్కడ వేళ్లు కొంకర్లు పోయి, సూది పట్టుకోలేక మార్చి దాకా పని ఆపేసేది. ఆ గది కావాలని ఎన్నాళ్లుగా అడుగుతోందో నాకు తెలుసు.

ఒక శుక్రవారం చర్చిలో చేపల వేపుడు విందు. అందరి ముందూ ట్వైలా మళ్లీ అడిగింది.

"తూటాలకు చలేస్తుందా డెల్? వాటినెందుకు గదిలో పడుకోబెడతావు?"

అందరూ నవ్వారు. డెల్బర్ట్‌కు చెవులు ఎర్రబడ్డాయి.

"గది కావాలంటే ఒకటే దారి. వసంతం పోటీలో నన్ను ఓడించు. మర్నాడే బల్ల షెడ్డులోకి మారుస్తాను."

"ఓడిపోతే?"

"ఇక గది మాట ఎత్తకూడదు. ఎప్పటికీ."

"సరే," అంది ట్వైలా, మరో చేపముక్క వడ్డించుకుంటూ.

డెల్బర్ట్ మరిచిపోయిందేమిటంటే, ట్వైలా పుట్టినింట్లో ఆడపిల్లలకు అంట్లు తోమడం కంటే ముందు గురి చూడడం నేర్పారు. పెళ్లయ్యాక ఆవిడ పిస్తోలు పట్టలేదు, నిజమే. కానీ చేతికి వచ్చిన పని అంత తేలిగ్గా పోదని నా నమ్మకం.

సోమవారం వంట పని అవగానే నేరుగా కొట్టుకు వచ్చింది.

"మావిస్, నాకో పిస్తోలు కావాలి. మామూలుది."

"ఎంత మామూలుది?"

"మా ఆయన చేతిలో పాడవకముందు ఆయనది ఎలా ఉండేదో, అలాంటిది."

నేను కాసేపు ఆలోచించాను. ఈ మధ్య చనిపోయిన ఒక రైతు సామాను వేలంలో అదే రకం పిస్తోలు చట్రం ఒకటి, ఉత్తది, నా దగ్గరకొచ్చి పడి ఉంది. నంబరు చెక్కి ఉండేది చట్రం మీదే. చట్టం దృష్టిలో చట్రమే పిస్తోలు, మిగతాదంతా సామాను. ఆ సామాను నా సొరుగులో ఉంది.

"అలాంటిది కావాలా, అదే కావాలా?" అన్నాను సొరుగు లాగుతూ.

ట్వైలా తొంగి చూసింది. నెలవంక గంటు ఉన్న స్లైడు పైనే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఆయనకి చెప్తావా?"

"అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే, నా కొట్లో ఎవరేం కొన్నారో ఊరికి చాటను."

కాగితం నింపింది. కొనేవాళ్ల గురించి ప్రభుత్వం వాళ్లు ఫోన్లో తీసే ఆరా పూర్తయింది. నేను గల్లా దగ్గరే కూర్చుని పిస్తోలు బిగించాను. అన్నీ ఒకదాని కోసం ఒకటి చేసినట్టు కూర్చున్నాయి. మరి ఒకచోట పుట్టినవే కదా.

ఆ తర్వాత డెల్బర్ట్ ట్యాంకరు మీద వెళ్లిన సాయంత్రాలు ట్వైలా మా తమ్ముడి కంకర గుంతలో సాధన చేసింది. తూటాలు ఆయన బల్ల మీదివే.

"లెక్క చూసుకోడా?" అని అడిగాను.

"నేను ఒలిచిన బంగాళాదుంపలు ఎన్నడైనా లెక్కపెట్టాడా? ఇదీ అంతే."

నా లెక్క నాకుంది. పోటీలో డెల్బర్ట్ ఓడితే, అంత సామాను మార్చినవాడే మామూలు పిస్తోలుకు ఓడాడని క్లబ్బంతా చూస్తుంది. ఇక నా సామాను ఎవడు కొంటాడు? గెలిస్తే ట్వైలాకు గది ఎప్పటికీ రాదు. ఆవిడ నాకు చిన్ననాటి స్నేహితురాలు. రెండు వైపులా నాకు నష్టమే కనపడింది. అయినా పోటీరోజు నా సామాను బల్ల తీసుకెళ్లి మైదానం పక్కన వేశాను. నష్టం ఎటూ తప్పనప్పుడు ఇంట్లో కూర్చోవడం దేనికి?

మే నెల శనివారం. వరసగా అయిదు ఉక్కు పలకలు నిలబెట్టారు. తక్కువ సమయంలో అన్నిటినీ పడగొట్టాలి. అలా కొన్ని దఫాలు కొట్టాక సమయాలన్నీ కలుపుతారు. పోటీ నడిపేది లీలాండ్ అని, పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన. టైమరు ఆయన చేతిలో ఉంటే దేవుడి చేతిలో ఉన్నట్టే.

"కళ్లద్దాలు! చెవులకు మూతలు!" అని అరిచాడు.

డెల్బర్ట్ పిస్తోలు తీశాడు. కిటికీల్లోంచి బంగారురంగు బ్యారెల్ మెరిసింది.

"ఏమోయ్, కాల్చడానికా, మెళ్లో వేసుకోడానికా?" అన్నాడు లీలాండ్.

కానీ కాల్చాడు. ఎంత వేగమంటే చప్పుళ్లు కలిసిపోయాయి. ట్వైలా నెమ్మదిగా, గుండీలు కుట్టినట్టు ఒక్కొక్కటీ పడగొట్టింది. పలక వదిలేది కాదు, తొందరపడేది కాదు. చివరి దఫాకి మిగతావాళ్లంతా వెనకబడ్డారు. డెల్బర్ట్ ముందున్నాడు, ట్వైలా కొంచెం వెనక ఉంది.

అప్పుడు డెల్బర్ట్ కొత్త పెట్టె విప్పాడు. ఆ చలికాలంలో మందుటోపీలకు కరువొచ్చింది. మామూలుగా వాడేవి దొరక్క, గట్టివో మెత్తనివో చూడకుండా దొరికినవేవో పెట్టి చేసిన తూటాలవి. టైమరు కూసింది. మూడు పలకలు పడ్డాయి. నాలుగోదానికి "టిక్" మంది.

పిస్తోలు అడుగు చరిచి, స్లైడు లాగి, పేలని తూటాను కింద పారేసి మళ్లీ నొక్కాడు. "టిక్". ఇంకోసారి లాగి నొక్కితే గాని పేలలేదు. అయిదో పలక పడేసరికి ఎవరో వెనకనుంచి అన్నారు:

"డెల్, గ్యాసు అయిపోయిందా?"

డెల్బర్ట్ పిస్తోలు ఖాళీ చేసి చూపించి ఇవతలకు వచ్చాడు.

"తూటాలు! ఈ పెట్టె మొత్తం చెడిపోయింది లీలాండ్. ఇది లెక్కలోకి రాదు."

"పెట్టె ఎవరిది?"

"నాదే."

"చేసిందెవరు?"

"నేనే."

"మరి నన్నెందుకు చూస్తావు?"

అప్పటికి ట్వైలా వంతు వచ్చింది. ఆవిడ భర్త పక్కకు వచ్చి చెయ్యి చాపింది.

"ఆ చెడిపోయినవే ఇలా ఇయ్యి."

అదే పెట్టెలోంచి తీసి, అందరూ చూస్తుండగా నింపుకుంది. టైమరు కూసింది. ఒక పలక. ఇంకో పలక. ఒక్క తూటా కూడా మొరాయించలేదు. చివరి పలక పడ్డాక లీలాండ్ టైమరు చూసి, మళ్లీ చూసి, కాగితం మీద కూడాడు.

"డెల్బర్ట్," అన్నాడు, "బల్ల మోయడానికి మనుషులు కావాలంటే చెప్పు. నా నడుం బాగాలేదుగానీ, నిలబడి సలహాలిస్తాను."

నవ్వులు ఆగేదాకా డెల్బర్ట్ బూటుతో నేల గీస్తూ నిలబడ్డాడు. తర్వాత భార్యవైపు తిరిగాడు.

"ఏ పిస్తోలు అది? ఓసారి చూడనీ."

ఆవిడ ఖాళీ చేసి, తెరిచి, ఆయన చేతిలో పెట్టింది. వేలు దానంతటదే స్లైడు కొసకు పోయింది. నెలవంక గంటు మీద ఆగింది.

"ఇది నాది," అన్నాడు మెల్లగా.

"చట్రం నాది. నంబరు నాది. కాగితం నా పేరు మీదుంది," అంది ట్వైలా.

"మిగతాదంతా నాదేగా!"

"నీది కాదు. పాతదయిందని మావిస్‌కు ఇచ్చేశావట."

డెల్బర్ట్ నా బల్లవైపు చూశాడు. నేను తుపాకులు శుభ్రం చేసే బ్రష్షులు సర్దుతున్నాను.

"మావిస్!"

"నువ్వు అడగలేదు డెల్," అన్నాను.

మాటంటే మాటే. మర్నాడు చర్చి నుంచి వచ్చీ రాగానే బల్ల షెడ్డులోకి మారింది. నేను ఆపిల్ పై ఒకటి కాల్చి తీసుకెళ్లాను. బొంతల మిషను గదిలోకి పోవడం కళ్లారా చూశాను. కిటికీ కింద పెట్టారు. ట్వైలా దాని ముందు కూర్చుని, ఏమీ కుట్టకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ వారంలోనే డెల్బర్ట్ కొట్టుకు వచ్చాడు. పిస్తోలు గల్లా మీద పెట్టాడు.

"అన్నీ పీకెయ్. పాతవి పెట్టు."

"పాతవి మీ ఇంట్లోనే ఉన్నాయి."

"అవి ఇవ్వదు. అడిగాను. అయితే కొత్త పాతవి తెప్పించు."

"తప్పకుండా," అన్నాను. "మరి వీటినేం చేయమంటావు?"

"ధరలో తగ్గించు. సెప్టెంబర్ పోటీలో గది వెనక్కి తీసుకుంటాను. పందెం మళ్లీ కట్టాం, తెలుసా?"

కిటికీల స్లైడు, బంగారు బ్యారెల్, వెన్నలాంటి ట్రిగ్గరు, మెత్తని స్ప్రింగు, అన్నీ సొరుగులోకి చేరాయి. నా సామాను ఇక ఎవడు కొంటాడని బెంగపెట్టుకున్నాను గదా, పోటీలో చూసినవాళ్లు, కాఫీ డబ్బాల్లో దాచిన పాతవి వెతికే ఓపిక లేక, మామూలు స్ప్రింగుల కోసం వరస కట్టారు. ఎవరికి ఏది పనికొస్తుందో ముందే లెక్క కట్టడం ఎంత అనుభవమున్నా కుదరదు.

జూన్లో ట్వైలా వచ్చింది. వేళ్ల చివర్లకు రంగు దారం పోగులు అంటుకుని ఉన్నాయి. కొట్టంతా తిరిగి, గల్లా దగ్గర ఆగింది.

"సెప్టెంబర్లో గది నిలబెట్టుకోవాలి మావిస్. ఆయనకు కసి పెరిగింది. పొద్దున్నే లేచి సాధన చేస్తున్నాడు."

"చేయనీ. నువ్వు ఎలా కొట్టావో అలాగే కొట్టు."

"అదే అనుకుంటున్నా." గల్లా కిందికి తొంగి చూసింది. "ఆయన ట్రిగ్గరు... నొక్కితే నిజంగా వెన్నలాగా ఉంటుందా?"

"ట్వైలా."

"కొనడానికి కాదు. ఊరికే చూద్దామని."

"నీ పిస్తోలు బాగుంది. దాని జోలికి పోకు," అన్నాను.

ఒకసారి చెప్పాను. ఆవిడ ఇంకా అక్కడే, గల్లా మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది. నేను వంగి సొరుగు లాగాను.