బోల్టు తలకో ఫొటో

మా మరిదికి ఒక స్టూడియో ఉంది. స్టూడియో అన్నది అతని మాట. నాకు కనిపించేది ఒక అద్దాల తలుపు, ఒక ఏసీ, ఒక తెల్లటి తెర, వాటి మధ్యలో మరిది. నగల కొట్లకీ చెప్పుల కొట్లకీ సరుకు ఫొటోలు తీస్తాడు. మా అత్తగారి దృష్టిలో అతను కళాకారుడు, నేను గడియారాలు విప్పుకునేదాన్ని. నిజమే, విప్పుకునేదాన్నే. మా నాన్న నేర్పిన విద్య. ఇరవై రెండేళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మరలు బిగిస్తున్నాను. చిన్న వస్తువును ఎలా చూడాలో ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన గతి నాకు పట్టలేదు. అయినా వెళ్ళి అతని అద్దాల తలుపు తోశాను. మా తమ్ముడి ఉద్యోగం పోయేలా ఉంది మరి.

తమ్ముడు ఒక ఫ్యాక్టరీలో రేకులు కోసే ప్రెస్సు నడుపుతాడు. పన్నెండు రోజుల కిందట, ఆ మిషన్‌కు చేతులు అడ్డం పడకుండా ఉండే కాపు తలుపు బోల్టు పుటుక్కున విరిగింది. తలుపు జారి, పక్కన రేకు అందిస్తున్న పెద్దాయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. కంపెనీ వాళ్ళు రెండోరోజుకల్లా తేల్చేశారు: ఆపరేటర్ పొడుగు పానా పెట్టి అతిగా బిగించాడు, అందుకే ఒక్కసారిగా తెగింది. తమ్ముణ్ణి పక్కన పెట్టి, సోమవారం విచారణ అన్నారు. వాడా, నోట్లో నాలుక లేనివాడు. ఏదో పుణ్యం బాగుండి, ఆ గందరగోళంలో నేలమీద పడిన బోల్టు తలను జేబులో వేసుకొచ్చాడు.

భూతద్దం పెట్టి చూశాను. తెగిన చోట సగం వెండిలా మెరుస్తోంది, మిగతా సగం తుప్పు రంగు. ఒక్కసారిగా తెగితే మొత్తం మెరవాలి. తుప్పున్న సగం ఎప్పుడో పగిలి, నెలల తరబడి కొంచెం కొంచెం లోపలికి పాకింది. ఇది నాకు అర నిమిషంలో అర్థమైంది. మేనేజరు గారు కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తారా? చూడరు. గోరంత బోల్టును తలగడంత ఫొటో చేసి బల్లమీద పెట్టాలి.

మరిది బోల్టును తెల్లటి తెరమీద పెట్టి, అటొక గొడుగు దీపం, ఇటొక గొడుగు దీపం వెలిగించాడు. నాలుగు ఫొటోలు తీశాడు. మెరిసే సగం తెల్లటి మంటలా వచ్చింది, తుప్పు సగం బొగ్గులా వచ్చింది. ఇంకా దగ్గరకు వెళ్ళమంటే తన లెన్సు అంతకంటే వెళ్ళదన్నాడు. అంత లెన్సూ, అంత ఏసీ, పైన పటారం లోన లొటారం.

"అసలు వస్తువే బాలేదు వదినా," అన్నాడు చివరికి. ఆడలేక మద్దెల ఓడు.

అలా అని ఊరుకుంటే పోయేది. సొరుగులోంచి ఇత్తడి బ్రష్షూ స్పిరిట్ సీసా తీశాడు. ఫొటో తీసే ముందు దేన్నయినా తోమి తళతళలాడించడం అతని అలవాటు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావ్?"

"తుప్పు పట్టింది కదా వదినా. రెండు నిమిషాలు రుద్దితే కొత్తదానిలా అయిపోద్ది."

"ఆ తుప్పు కోసమే కదయ్యా వచ్చింది. నేనేం దీన్ని అమ్మబోవట్లేదు. ఇటివ్వు."

"నీకు ఫొటోల సంగతి తెలీదులే."

"తెలుసుకుని నేనే తీసుకుంటాలే."

"దేంతో? గడియారంతోనా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా పనికొచ్చింది. లేకపోతే అంత తెగించేదాన్ని కాదేమో.

పాత సామాన్ల కొట్టులో ఒక కెమెరా దొరికింది. ఒళ్ళంతా గీతలు, లోపల బానే ఉంది. దానితో పాటు ఎవరూ అడగని పాత లెన్సొకటి. ఆ లెన్సును వెనక్కి తిప్పి, ముందుభాగం కెమెరా వైపు ఉండేలా బిగిస్తే చిన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి, లోపల నల్లకాగితం అంటిస్తే ఇంకా పెద్దది చేస్తుంది. ఇదంతా ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ములు ఊరికే చెబుతున్నారు. మా మరిది ఎప్పుడూ చూసి ఉండడు. అతనికి అన్నీ వచ్చు కదా.

ఆదివారం మధ్యాహ్నం మా కొట్టు షట్టర్ సగం దించి, తమ్ముణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. అంత దగ్గరగా చూసేటప్పుడు తలవెంట్రుక మందమంత చోటే స్పష్టంగా కనిపిస్తుంది, ముందూ వెనకా అంతా మసక. అందుకని కెమెరాను పిసరంత జరుపుతూ అరవై ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో అన్నిటినీ కలపాలి. ఆ జరిపే పరికరమే ఖరీదు. నాకెందుకు ఖరీదు, గడియారాల చక్రాలు చెక్కే నాన్న చిన్న లేతు బండ ఉంది. దాని మర ఒక్క గీత తిప్పితే ఎంత జరుగుతుందో నా వేళ్ళకు తెలుసు. కెమెరాను దానిమీద కట్టాను. బోల్టును పిల్లలాడుకునే మట్టిముద్దలో గుచ్చాను. ఫ్యాను ఆపేశాను. అయినా వీధిలో లారీ వెళ్తే బొమ్మ వణికింది. లారీ వెళ్ళేదాకా ఆగడం, మర తిప్పడం, నొక్కడం, మళ్ళీ ఆగడం. చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది.

దీపం దగ్గర మాత్రం నేనూ మరిదిలాగే భంగపడ్డాను. టేబుల్ ల్యాంపు నేరుగా వేస్తే మళ్ళీ అదే తెల్లటి మంట. మెరిసే ఇనుముకు బల్బు కనబడకూడదు, దాని వెలుగే కనబడాలి. తెల్లటి ప్లాస్టిక్ ఐస్‌క్రీం డబ్బా అడుగు కోసి బోల్టు మీద బోర్లించి, బయటినుంచి దీపం వేశాను. మంట పోయింది. ఇంకో దీపాన్ని పక్కనుంచి, బాగా కిందుగా పెట్టాను. అప్పుడు తుప్పులో ఉల్లిపాయ చక్రాల్లా ఒకదాని లోపల ఒకటి గీతలు లేచాయి. పగులు ఆగి ఆగి పాకిన గుర్తులవి. నా అంతటి దాన్ని నేనే అనుకున్నాను. దాచుకోవడమెందుకు.

అరవై ఫొటోలూ కలిసి ఒక్కటయ్యాక, అంచున సన్నగా ఒక నీలిగీత కనిపించింది. కెమెరా లోపమనుకున్నాను. భూతద్దంతో చూశాను. రంగు. పగులు నోట్లోంచి లోపలికి దిగి ఎండిపోయిన రంగు.

"ఒరేయ్, మీ మిషన్ ఏ రంగు?"

"నీలం."

"ఎప్పుడు వేశారు?"

"రెండు నెలలైంది."

"ఇంకేం కావాలిరా. రంగు వేసేనాటికే పగులుంది. వేసినవాడు చూసి కూడా పైన పూసేశాడు. వాణ్ణి తీసుకొచ్చి నిలబెట్టమను రేపు. ఎవడు వాడు?"

తమ్ముడు లేతు బండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేనే అక్కా."

షట్టర్ కింద నుంచి లారీ పొగ లోపలికొచ్చింది. నేను ఫ్యాను వేశాను.

"తనిఖీ వస్తోంది, ఎవరి మిషన్‌కి వాళ్ళే రంగేసుకోండన్నారు," అన్నాడు. "బోల్టు తల కింద గీత కనబడింది. చెప్తే మిషన్ ఆపేస్తారు, నన్ను గోడౌన్‌లో పడేస్తారు. తనిఖీ అయ్యాక చెబుదాంలే అనుకున్నా. తర్వాత మర్చిపోయా."

"మర్చిపోయావా?"

"లేదు."

లాగి ఒక్కటివ్వాలనిపించింది. ఆ పెద్దాయన రోజూ తన చెయ్యి పెట్టే చోటది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, వీడు పగులు మీద రంగు పూసి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. చెడామడా తిట్టాను. అన్నీ పడ్డాడు. పడి, చివర్లో అన్నాడు:

"అక్కా, ఆ నీలం రాకుండా తియ్యొచ్చా?"

వాడికి ఇద్దరు పిల్లలు. చిన్నది ఇంకా నడవడం లేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. అయినా చక్రాలు అబద్ధం కావు, కంపెనీ నెలల తరబడి ఆ బోల్టు మొహం చూడలేదన్నదీ అబద్ధం కాదు. కంప్యూటర్‌లో ఒక్క చుక్క కూడా చెరపనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. చెరపలేదు. కిందుగా ఉన్న దీపాన్ని బెత్తెడు ఇవతలికి జరిపాను. అంచు నీడలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ అరవై తీశాను.

పెద్దగా అచ్చు వేసే యంత్రం మరిది దగ్గరే ఉంది, ఏం చేస్తాం. రెండు ఫొటోలూ ఇచ్చాను. వాటిని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ రెండోది బావుంది వదినా," అన్నాడు మెల్లగా. "లైటింగ్ పట్టేశావ్."

రెండిటినీ చెరో కవర్లో పెట్టి సంచిలో వేసుకున్నాను.

సోమవారం తమ్ముడికి తోడుగా నన్నూ రానిచ్చారు. విచారణ గదిలో మేనేజరు, బయటినుంచి వచ్చిన ఇంజనీరు, ఒక గుమస్తా ఉన్నారు. గోడవారగా పెద్దాయన, చేతికి కట్టుతో. ఈ అబ్బాయి నిర్లక్ష్యం మనిషేనా అని ఇంజనీరు ఆయన్నే అడిగాడు.

"తొమ్మిదేళ్ళు పక్కన చేశానండి," అన్నాడు పెద్దాయన. "చప్పుడు కాస్త మారినా మిషన్ ఆపి చెప్పేవాడు. చూసి ఊరుకునే రకం కాదు."

తమ్ముడు తలెత్తలేదు. ఇంజనీరు నా వైపు చెయ్యి చాచాడు. సంచిలో రెండు కవర్లున్నాయి. ఏది ఎటుందో నా వేళ్ళకు తెలుసు. రెండోది తీసి ఇచ్చాను.

ఇంజనీరు చక్రాలు లెక్కపెట్టి, ఇది పాత పగులు, ఆపరేటర్‌కు సంబంధం లేదు, అన్నాడు. ఎలా తీశావని అడిగితే ఐస్‌క్రీం డబ్బా సంగతి చెప్పాను. ముచ్చటపడ్డాడు. మేనేజరు మొహం మాడిపోయింది. వేరే రోజయితే ఆ మొహం చూడటానికే నేను టికెట్ కొనేదాన్ని. గంటలో తమ్ముడి ఉద్యోగం తమ్ముడికి వచ్చింది.

వరండాలో పెద్దాయన ఎదురొచ్చాడు. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, కట్టున్న చేతిని దానిమీద ఆనించాడు. స్పిరిట్ వాసన వచ్చింది.

"అంత చిన్నదాంట్లో నిజం పట్టుకున్నావమ్మా. ఈ చేతులు చల్లగా ఉండాలి," అన్నాడు.

నా మీద నాకు రోత పుట్టింది. చెయ్యి లాక్కుంటే ఆయన కట్టు కదులుతుందేమోనని అలాగే నిలబడ్డాను. తమ్ముడు గోడమీద కాగితాలేవో చదువుతున్నట్టు అటు తిరిగాడు.

"ఆ ఫొటో నాకూ ఒకటిస్తావా అమ్మా? నా వేళ్ళు ఎందుకు పోయాయో మా వాళ్ళకి చూపిస్తా."

సంచిలో మొదటి కవరుంది.

"అదొక్కటే తీశాను బాబాయ్," అన్నాను.