ట్వంటే గట్టు మీద మూడు చక్రాలు

ప్రతి ఆదివారం సాయంత్రం బేబీ సైకిలు తొక్కి, ఎండకి కమిలిన మొహంతో ఇల్లు చేరి, నది అవతలి బర్మా ఊరు ట్వంటే కబుర్లు చెబుతుంటే, అక్క పద్మినికి ఒళ్ళు మండిపోయేది. కుండలు ఆరబెట్టిన వాకిళ్ళట, కాలవలో పడవలట, మోటారు మోత వినపడని ఇరవై కిలోమీటర్ల గట్టట! పద్మినికి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఈ ఒడ్డున చిమిండైంగ్ బజారులో, కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని అద్దాలు బిగించడమే ఆమె పని. చెల్లెలు గబగబా మెట్లు దిగుతుంటే, తనకి రావలసిందేదో అది ఎత్తుకుపోయినట్టుండేది.

ఈ వేసవిలో వెల్డింగు చిన్నబాబు చేత మూడు చక్రాల సైకిలు చేయించుకుంది. కుడికాలి బలంతోనే తొక్కొచ్చు.

"నానూ వస్తాను," అంది.

బేబీ మొహం మాడిపోయింది. "అంత దూరం తొక్కగలవేటి అప్పా?"

"తొక్కితే కదా తెలిసీది."

పడవలో నది దాటి గట్టెక్కారు. గంటసేపు పద్మిని చెల్లెలికి సమంగా తొక్కింది. అంతలో దారికడ్డంగా మూడు ఇనప గుంజలు. మోటారు బళ్ళు రాకుండా పాతినవి. బేబీ వాటి మధ్యనుంచి చేపలా జారిపోయింది. పద్మిని వెనక చక్రాలు రెండూ ఇరుక్కుపోయాయి. అటు తిప్పినా, ఇటు తిప్పినా రంగు గీసుకుపోవడమే.

"ఈ టీ కొట్లో కూకో అప్పా. నానెల్లి గమ్మునొచ్చేస్తాను," అని బేబీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ ఎర్ర టోపీ కనుమరుగయ్యేదాకా పద్మిని పళ్ళు బిగించి చూస్తూనే ఉంది. టీ కొట్టామె డా ఖిన్ మే కప్పు తెచ్చిపెట్టి, బర్మా భాషలో అడిగింది: "మీరు వెళ్ళరా? మధ్య గుంజ తాళం నా దగ్గరే ఉంది."

"తాళమా!"

"మీ చెల్లెలు చెప్పలేదూ? పోయిన నెల ధాన్యం బండి వస్తే, నాతోపాటు తనే గుంజ పైకి లాగిందే."

పద్మిని టీ ముట్టలేదు. గుంజ తీయించుకుని, కోపమంతా కాలిలోకి దించి తొక్కింది. రెండు మైళ్ళ అవతల కల్వర్టు మీద బేబీ అలుపు తీర్చుకుంటూ కూర్చుని ఉంది.

"తాళం సంగతి తెలిసీ సెప్పలేదేటే?"

బేబీ తల దించుకుంది. తెగించినట్టు మళ్ళీ ఎత్తింది. "సెప్పాలనిపించలేదు. ఇంట్లో ఏదైనా ముందు నీకే. సినిమాకెల్తే రిక్సాలో అమ్మ పక్కన నువ్వు, ఎనకాల నడిసీది నాను. ఆ కాలు నాకొచ్చినా బాగుణ్ణని ఏడిసీదాన్ని. ఈ గట్టొక్కటీ నాదనుకున్నాను."

తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారని పద్మినికి ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు. కోపం అలాగే ఉంది. దాని అడుగున మాత్రం, సిగ్గుపడాల్సినంత సంతోషం కలిగింది.

"అమ్మ పక్కన ఏటి సుకం? దారి పొడుగునా నన్ను సూసి ఏడిసీది."

"నాకు తెలీదు," అంది బేబీ చిన్నగా.

"ఇంకెన్ని సోట్లున్నాయి ఈ గుంజలు?"

"ఒక్క సోటే. తాళం బియ్యం మిల్లుకాడుంది."

"అయితే ముందెల్లి తీయించు."

బేబీ వెళ్ళింది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇద్దరూ ట్వంటే చేరారు. మరుసటి ఆదివారం ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు. అయినా ఒకే పడవెక్కారు.