మారు ముద్ద

మా అమ్మ చేతులు పోయిన శ్రావణం నుంచి హైదరాబాదులో ఉంటున్నాయి. అమ్మ మాత్రం మా ఊళ్ళోనే ఉంటోంది. మణికట్లకి కొంగు చుట్టుకుని గుమ్మంలో కూచుంటుంది.

చేతులు ఉన్నది విభాకర్ గారింట్లో. ఆయన డాక్యుమెంటరీ సినిమాలు తీస్తారు. పలాస దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళం అందరం జీడిపిక్కలు కొడతాం. పిక్కలోంచి కారే జీడి తగిలి చేతులు నల్లబడతాయి, తోలు పొరలుగా లేస్తుంది. ఆయన ఆ చేతుల మీద సినిమా తీసి పెద్ద అవార్డు తెచ్చుకున్నారు.

తీసినన్నాళ్ళూ ఆయన మాతో ఒకటే మాట అనేవారు. "మామూలుగా ఉండండి." మేం మామూలుగా ఉంటే, "బాగుంది, ఇంకోసారి," అనేవారు. అమ్మ మళ్ళీ మామూలుగా ఉండేది.

చివరి రోజు అమ్మ చారన్నం కలుపుతుంటే ఆయన ఎదురుగా గొంతుక్కూచుని నోరు తెరిచారు. "నన్నూ నీ కొడుకే అనుకో అమ్మా." అమ్మ సిగ్గుపడి ఒక ముద్ద పెట్టింది. ఆయన మింగి, "కట్" అని లేచి, కారెక్కారు. రెండో ముద్ద అమ్మ చేతిలోనే ఉండిపోయింది.

మా వైపు మారు పెట్టకుండా ఎవరినీ లేవనివ్వరు. ఒక్కసారి వడ్డించి ఊరుకునేది చావు భోజనంలోనే.

"ఓలమ్మ, ఆ బాబుకి మారెట్టనేదే గుంటా," అంది అమ్మ. చేతులు అప్పటికే ముద్ద పట్టుకుని కారు వెనక వెళ్తున్నాయి.

ఇప్పుడు మా అక్క నూకరత్నం పురిటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. పాపకి ముఖం ఇంకా రాలేదు. మా ఇంట్లో పిల్లలకి ముఖం తెచ్చేది అమ్మే. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, ముక్కు లాగి, నుదురు నొక్కి, గడ్డం దిద్ది నీళ్ళు పోస్తుంది. ఆ చేతులు లేక పాప ముఖం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంది. పాలు తాగడానికి ఒక బెజ్జం ఉంది. ఏడిస్తే ఆ నునుపంతా ఎర్రబడుతుంది.

ఉయ్యాల్లో వేసే రోజు దగ్గరపడింది. ముఖం లేని పిల్లని పేరు పెట్టి పిలవకూడదు. పేరు లేని పిల్ల ఎక్కువ కాలం ఆగదు.  అక్క పాపని గోడవైపు తిప్పి పడుకోబెట్టుకుంటుంది.

"ఎల్లి తెచ్చీయే గుంటా," అంటుంది అమ్మ. "ఆ బాబు మంచోడే. మన సేతులు ఏటి సేసుకుంతాడు?"

నేను సంచి పట్టుకుని రైలెక్కుతాను.

విభాకర్ గారి ఇల్లు సన్నంగా, పొడుగ్గా ఉంది. అవార్డు వచ్చిన మర్నాటికి ఇల్లే ఒక గది మేర సాగుతుందట. అన్ని గదులూ దాటితేగాని ఆయన ఉన్న చోటు రాదు.

మొదటి గదిలో మూత పెట్టిన కుండ ఉంది. బావులు తవ్వే మనిషి మీద తీసిన సినిమా తాలూకు దగ్గు అందులో ఉంది. నేను పక్కనుంచి నడిస్తే మూత ఎగిరెగిరి పడుతుంది. రెండో గదిలో తోలుబొమ్మలాడించేవాళ్ళ నీడలు, ఇస్త్రీ చేసి హ్యాంగర్లకి తగిలించినవి. ఆ తర్వాతి గదిలో ఉప్పు మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ దాహం ఉంది. బల్ల మీది జగ్గులో నీళ్ళు వాటంతటవే తగ్గిపోతుంటాయి. పనిమనిషి వచ్చి నింపి వెళ్తుంది.

ప్రతి గదిలోనూ గూట్లో అవార్డు ఉంది. ఒకదాన్ని ముట్టుకుంటాను. లోహంలా లేదు. గోరువెచ్చగా, మెత్తగా ఉంది. వేలు పెట్టి నొక్కితే సొట్ట పడి మెల్లిగా పైకి లేస్తుంది. వేలికి జిడ్డు అంటుకుంటుంది. చున్నీకి తుడుచుకుంటాను. జిడ్డు చున్నీకి అంటుకుంటుంది గాని వేలిని వదలదు.

చివరి గదిలో విభాకర్ గారు శాలువాల మీద కూచుని ఉన్నారు. సన్మానాల్లో కప్పినవన్నీ మంచమంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఎదురుగా పళ్ళెం. పళ్ళెంలో మా అమ్మ చేతులు అన్నం కలుపుతున్నాయి.

చేతుల్ని వెంటనే గుర్తుపట్టలేకపోతాను. నలుపు పోయింది. తెల్లగా, ఉబ్బి, గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. చిన్నప్పుడు నేను కొరికిన మచ్చ చూపుడువేలి మీద ఉంది కాబట్టి అవి మా అమ్మవే.

"చెల్లెమ్మా! రా, కూచో. మామూలుగా ఉండు," అంటారాయన. నోట్లో అన్నం ఉంది. మాటతోపాటు రెండు మెతుకులు వచ్చి నా మోకాలి మీద పడతాయి.

"అమ్మ సేతుల కోసం వొచ్చినానండీ. అక్కకి పాప పుట్టింది. నీళ్ళు పొయ్యాలి."

"నేను పట్టుకున్నానా? చూడు, నా చేతులు ఖాళీ." రెండు అరచేతులూ చూపిస్తారు. "అవి పెడుతున్నాయి, నేను తింటున్నాను. ఆగాలంటే పెట్టే చెయ్యి ఆగాలి గాని, తినే నోరు ఎందుకు ఆగాలి?"

"మీరు మారు తినీస్తే అవే వొచ్చీస్తాయండి."

"మారేంటి? నేను ఎప్పుడూ మొదటి ముద్దే తింటాను. ఏదైనా మొదటిసారి జరిగినట్టు ఉండాలి. అదే నా పద్ధతి."

ఆయన నోరు తెరుస్తారు. నాలుక మీద తెల్లగా పాచి ఉంది, పళ్ళ సందుల్లో పాత సినిమాల నాటి కూర ఉంది. చేతులు ముద్ద పెడతాయి. ఆయన మింగి, శాలువాతో మూతి తుడుచుకుని, "కట్. ఇంకోసారి," అంటారు. పళ్ళెంలో అన్నం మళ్ళీ కలపని అన్నం అవుతుంది. చేతులు మళ్ళీ మొదటినుంచి కలుపుతాయి. చేతులకి తెలియదు. అవి ఇంకా మా ఇంట్లో ఆ మధ్యాహ్నమే అనుకుంటున్నాయి.

 నేను చూస్తూనే ఉంటాను. మా ఊరి బళ్ళో వెనక బల్ల మీద కూచుని నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే.

"నువ్వు రెప్ప వెయ్యడం లేదు," అంటారు విభాకర్ గారు, నా కళ్ళలోకి వంగి. "చాలా బాగుంది. నా రాబోయే సినిమా చూపు మీద."

ఆయన వీపు వెనక గోడ కొంచెం సాగుతుంది. అక్కడొక ఖాళీ గూడు వస్తుంది.

నేను కళ్ళు దించి ఆయన గొంతు వైపు చూస్తాను. మింగడానికీ "కట్" అనడానికీ మధ్య గొంతుముడి ఒకసారి కిందికి దిగి పైకి వస్తుంది. అంతసేపు ఆయన ఏమీ అనలేరు.

అది దిగుతుండగా అంటాను. "అమ్మా, బాబుకి మారెట్టు."

చేతులు ఉలిక్కిపడతాయి. మారు ముద్ద తీసుకెళ్ళి నోట్లో పెడతాయి. ఆయన కళ్ళు పెద్దవవుతాయి. "క" అంటారు. ఆ అక్షరం మీద ఇంకో ముద్ద పడుతుంది.

మా వైపు తినేవాళ్ళు చాలనేదాకా పెడతారు. విభాకర్ గారు ఇన్ని సినిమాల్లో ఒక్కసారి కూడా చాలు అనలేదు. చేతులు పెడుతూనే ఉంటాయి. బుగ్గలు నిండుతాయి, మెడ నిండుతుంది, చొక్కా గుండీలు ఒక్కొక్కటే తెగి శాలువాల్లో పడతాయి. ముక్కులోంచి చారు కారుతుంది. చేతులు దాన్ని బొటనవేలితో తుడిచి మళ్ళీ నోట్లోనే పెడతాయి, పసిపిల్లలకి చేసినట్టే. గూళ్ళలో అవార్డులకి చెమట పడుతుంది. ఇల్లంతా పులిసిన గంజి వాసన.

"చా," అంటారు చివరికి. ఆగి, దమ్ము తీసుకుని, "చాలు," అంటారు.

ఆ మాట తడిగా, బొమికలా శాలువా మీద పడుతుంది. చేతులు పళ్ళెంలో ఒకదాన్నొకటి కడుక్కుని వచ్చి నా సంచిలో దిగుతాయి.

తిరిగి గదులు దాటుతుంటే కుండ మూత ఎగురుతుంది, నీడలు హ్యాంగర్ల మీద మెడలు తిప్పుతాయి. వాటి మనుషులు ఇంకా ఎవరూ వచ్చినట్టు లేదు. నా సంచిలో చోటు లేదు.

రైల్లో ఎదుటి సీటాయన ఆవలించినప్పుడల్లా సంచి కదులుతుంది. జిప్పు మీద చెయ్యి పెట్టుకుని కూచుంటాను.

ఇంటికి రాగానే అమ్మ చేతుల్ని వాసన చూసి ముఖం పక్కకి తిప్పుకుంటుంది.

"సీ! ఎంగిలి."

నేను వాటిని చింతపండుతో తోముతాను, బూడిదతో తోముతాను. కడిగిన నీళ్ళ మీద జిడ్డు తేలుతుంది. అమ్మ ఊపిరి బిగబట్టి, గాజులు ఎక్కించుకున్నట్టు చేతులు ఎక్కించుకుంటుంది. పెరట్లో పీట మీద కూచుని కాళ్ళు చాపుతుంది. అక్క పాపని తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెడుతుంది.

అమ్మ నూనె రాస్తుంది. ముక్కు లాగుతుంది. ముక్కు వస్తుంది. బుగ్గలు వస్తాయి, నిండుగా. పెదవులు వస్తాయి. పెదవులు తెరుచుకుంటే లోపల నాలుక మీద తెల్లటి పాచి ఉంది.

అక్క పక్కకి తిరిగి వాంతి చేసుకుంటుంది.

"బాగుందమ్మా," అంటుంది పాప. "ఇంకోసారి."

అమ్మ చేతులు వెంటనే నీళ్ళ చెంబు వదిలి, గాల్లోనే అన్నం కలపడం మొదలుపెడతాయి. అమ్మ వాటిని చూస్తుంది. కోపం వచ్చినప్పుడు అమ్మ గొంతు తగ్గుతుంది.

"ఆ బాబుకి మారెట్టడం అయిపోనాదే. ఇంక ఈ పిల్ల మొకం మీదకెందుకొస్తన్నాడు?"

పళ్ళు బిగించి, ఆ చేతులతోనే సున్నిపిండి తీసి పాప ముఖానికి పట్టించి రుద్దుతుంది. ముక్కు నలుగుతో పాటు నులకలు నులకలుగా ఊడి వస్తుంది. బుగ్గలూ పెదవులూ అంతే. కాళ్ళ మీద మళ్ళీ ఒలిచిన గుడ్డు మిగులుతుంది.

"ఇయి మనియి కావే నూకీ," అంటుంది అక్కతో. చేతులు రెండూ ఊడదీసి బట్టలుతికే రాయి మీద పెడుతుంది.

తర్వాత ఒట్టి మణికట్లతో మొదలుపెడుతుంది. చాలాసేపు పడుతుంది. నీళ్ళు నేను పోస్తాను. ముక్కు వంకరగా వస్తుంది. ఒక కనుబొమ కిందికి, ఒకటి పైకి వస్తుంది. నోరు చివర వచ్చి, రాగానే గట్టిగా ఏడుస్తుంది. ఆ వంకర ముక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. అక్క పాప చెవి దగ్గర పేరు చెప్పి చూస్తుంది. పాప ఏడుపు ఆపి అటు తిరుగుతుంది.

ఊడిన నలుగు నులకలు నీళ్ళతో కాలవ వైపు కొట్టుకుపోతున్నాయి. ఒక్కొక్క నులకకీ ఒక చిన్న నోరు ఉంది. కోళ్ళు పరుగున వచ్చి, వంగి చూసి, ఒక్కటీ పొడవకుండా వెనక్కి వెళ్ళిపోతాయి.

రాయి మీంచి అమ్మ చేతులు దిగుతాయి. వేళ్ళ మీద నడుచుకుంటూ కాలవ గట్టుకి చేరి, బురద కలిపి, ఒక్కొక్క నోట్లోనూ ముద్ద పెడుతున్నాయి. ముద్ద తర్వాత మారు. మారు తర్వాత కూడా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.