చీమ పని అయిపోయింది

ఆమె ఒక బస్సుల కంపెనీలో టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ చూసుకునేది. ఆఫీసులో ఆమెతో పని ఉన్నవాళ్లు తక్కువ, కబుర్లు చెప్పేవాళ్లు అసలు లేరు. తమ్ముడు పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో కాపురం పెట్టాక ఇంట్లో ఒక్కతే మిగిలింది.

అప్పుడే ఒక సోషల్ నెట్‌వర్క్‌లో చేరింది. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకుంటారు. అయినా ఒక సర్వర్‌లో వాళ్లు ఇంకో సర్వర్‌లో వాళ్లతో మాట్లాడుకోవచ్చు. దానికి కావలసిన చిన్నాచితకా ప్రోగ్రాములు సభ్యులే రాసుకునేవారు. ఆమె కూడా ఒకటి రాసింది. ఎవరైనా ఫొటో పెట్టబోతే, చూపు లేనివాళ్ల కోసం అందులో ఏముందో రెండు ముక్కలు రాయమని గుర్తుచేస్తుంది. దానికి 'చీమ' అని పేరు పెట్టింది. చివరికి అందరూ ఆమెనే చీమ అనసాగారు.

ఆ ప్రోగ్రాము తరచూ మొరాయించేది. అందరికంటే ఎక్కువ సతాయించింది వేరే సర్వర్‌లోని ఒకాయన. పియానోలకు శ్రుతి సరిచేయడం ఆయన వృత్తి. పుట్టుకతో చూపు లేదు; తెర మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తే వింటాడు.

"చీమగారూ, మీ చీమ మళ్లీ నిద్రపోయిందండీ. పొద్దుటి నుంచి అందరూ పిల్లుల ఫొటోలు పెడుతున్నారట. నాకు మాత్రం 'ఫొటో, ఫొటో' అని తప్ప ఇంకేం వినపడట్లేదు" అని రాసేవాడు. ఆమె నవ్వుకుంటూ సరిచేసేది.

ఈ గుర్తుచేసే పని నెట్‌వర్క్‌లోనే భాగం కావాలని చర్చకు పెట్టిందీ ఆమే. నసగా ఉంటుందని కొందరు, కావాలనుకున్నవాళ్లు చీమనే వాడుకుంటారు కదా అని కొందరు అడ్డం తిరిగారు. చర్చ నెలల తరబడి నలిగింది. శ్రుతి మేస్త్రి ఒక్కసారే కలగజేసుకున్నాడు: "కావాలనుకున్నవాళ్లు రాస్తున్నారు, సంతోషం. మిగతావాళ్ల మధ్య గోడకేసి తిరిగి కూర్చున్నట్టుంది నాకు."

చివరికి ఒప్పుకున్నారు. కొత్త వెర్షన్ వచ్చిన రోజు అభినందనలు వెల్లువెత్తాయి. ఆ తర్వాత చీమతో ఎవరికీ పని లేకపోయింది; ఆమెకు ఎవరూ ఏమీ రాయలేదు.

తమ్ముడు ఫోన్ చేశాడు. "గెలిచావు కదక్కా, ఆ ఏడుపు మొహమేంటి?"

"ఫోన్లో మొహం ఎలా కనిపించిందిరా?"

"గొంతులో కనిపిస్తోందిలే. హాయిగా పడుకో ఇక."

పడుకుంది. హాయి మాత్రం రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక మేస్త్రికి తనే రాసింది. "కొత్తది బాగా పనిచేస్తోందా అండీ?"

"భేషుగ్గా. అదే వచ్చిన చిక్కు. మిమ్మల్ని దెప్పడానికి సాకు దొరకట్లేదు."

"సాకు లేకుండానే దెప్పొచ్చుగా" అని కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి పంపింది.

"అయితే వినండి. ఇన్నేళ్లలో మీరు ఒక్క ఫొటో పెట్టలేదేం?"

"పెట్టడానికి ఏముందని?"

"నాకేం తెలుసు? మీరే చెప్పాలి."

ఆమె చుట్టూ చూసింది. "వంటింటి కిటికీ. చేతికందేంత దూరంలో పక్కింటి గోడ. గట్టు మీద బోర్లించిన కంచం" అని రాసింది.

"కంచం ఒకటేనా?"

"ఒకటే."

"ఇక్కడా అంతే. గోడ ఎలా ఉంటుంది?"

వెలిసిన పసుపు రంగని రాయబోయి ఆగింది. ఆయనకు పసుపంటే ఏమని చెప్పాలి? లేచి, కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి గోడను ముట్టుకుంది. ఎండకు కాగి గోరువెచ్చగా, గరుకుగా ఉంది. వేళ్లకు సున్నం అంటింది.

అదే రాసింది.