సత్యవేణి నేర్చిన ఈత

నేను ఒక లారీ ట్యూబుని. రబ్బరు ఫ్యాక్టరీలో పుట్టి, వెనక చక్రంలో దూరి, ఆరేళ్లు ధాన్యం బస్తాల బరువు మోశాను. అన్ని ఊళ్లు తిరిగినా టైరు లోపల చీకటి తప్ప ఏమీ చూడలేదు. గాలి పోతే తప్ప మనుషులకి నేను గుర్తొచ్చేదాన్ని కాదు. ఏడు ప్యాచీలు పడ్డాక, ఇక పనికిరానని పంక్చర్ షాపు మస్తాన్ నన్ను మేకుకి తగిలించేశాడు.

అక్కణ్ణించి నన్ను తీసుకెళ్లింది సత్యవేణి. కాలవ ఒడ్డునున్న ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. అంతకు ఏడాది కిందట ఆమె కూతురు ఝాన్సీ, పన్నెండేళ్ల పిల్ల, రేవులో యూనిఫాం జాడిస్తూ కాలుజారి కొట్టుకుపోయింది. సత్యవేణి రెండు మెట్ల పైనే ఉంది. ఈత రాదు. రేవులో ఉన్న ఆడవాళ్లెవరికీ రాదు. కేకలు విని మగవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. నీళ్ల పక్కనే బతికే ఊళ్లో ఆడపిల్లకి ఈత నేర్పాలని ఎవరికీ తోచకపోవడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇదంతా ఆమె పడవ నడిపే ముసలి పోలయ్యతో చెబుతుంటే విన్నాను.

"నలభై రెండేళ్లకి ఈతేంటమ్మా? నవ్విపోతారు," అన్నాడాయన.

"నవ్వనీ బాబాయ్. కళ్లు మూసుకుంటే ఇంకా ఆ మెట్టు మీదే నించుని ఉంటున్నాను. ఎలాగైనా దిగాలి."

పోలయ్య నన్ను చేత్తో నొక్కి గాలి చూశాడు. పొద్దున్నే రమ్మన్నాడు.

మొదటి వారం ఆమె మోకాలి లోతు దాటలేదు. నీళ్లు తొడలకి తగిలితే వెనక్కి మెట్టెక్కేసేది. ఆమె గోళ్లు నా ప్యాచీల్లో దిగబడేవి. గట్టు మీద నవ్వేవాళ్లు నవ్వారు. నెలన్నరకి నన్ను వదిలి నాలుగు బారలు ఈదింది. ఒడ్డుకొచ్చి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. పోలయ్య అటు తిరిగి పడవ తాడు సర్దుకున్నాడు.

దసరా సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని పంపమని అడిగింది. పిల్ల నల్లబడుతుందన్నారు ఒకళ్లు. ధైర్యమెక్కువై కాలవనే పట్టుకుని ఉంటుందన్నారు ఇంకొకళ్లు. చివరికి ముగ్గురొచ్చారు. వాళ్లలో మణి, ఝాన్సీతో ఒకే బెంచీలో కూర్చున్న పిల్ల.

మణి నన్ను వదలనని పది రోజులు మొరాయించింది. పదకొండో రోజు సత్యవేణి ఎదురుగా నడుంలోతు నీళ్లలో నిలబడి రెండు చేతులూ చాచింది. పిల్ల వదిలింది. మునిగి, తేలి, నీళ్లు మింగి, ఎలాగో ఆ చేతుల దాకా చేరింది.

"అంతే ఝాన్సీ, అంతే," అనేసింది సత్యవేణి.

ఆమె ముఖం పాలిపోయింది. మణి దగ్గి, కళ్ల మీద నీళ్లు తుడుచుకుని, "ఇంకోసారి చేస్తానత్తా," అంది.

ఇప్పుడు పద్నాలుగు మంది ఈదుతున్నారు. నా రబ్బరు బీటలు వారింది, గాలి నిలవడం లేదు. గట్టు మీద ఎండలో పడుంటాను. పిల్లలు వెళ్లాక సత్యవేణి ఒక్కతే మళ్లీ దిగుతుంది. నడికాలవ దాకా ఈది, నీళ్లు పోయే వైపు చూస్తూ కాసేపు అక్కడే తేలుతుంది. తర్వాత మెల్లగా ఒడ్డుకొచ్చి చీర పిండుకుంటుంది. అంగన్‌వాడీలో పిల్లలొచ్చే వేళవుతుంది.