వెనక్కి నడిపేదెవరు?

కొనాల్సింది కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు కారవానా, ఇల్లూ బండీ ఒకటే అయిన మోటర్‌హోమా అన్న మాట నోరీన్, క్లైవ్ దంపతుల మధ్య చలికాలమంతా నలిగింది. నోరీన్‌కి కారవానే కావాలి. దాన్ని కారవాన్లు నిలిపే పార్కులో వదిలేసి, కారులో ఏ చేపల రేవుకో వెళ్ళి రావచ్చు. క్లైవ్ మాత్రం మోటర్‌హోమే అని భీష్మించుకు కూర్చున్నాడు. ఎందుకని అడిగితే టైర్లంటాడు, ఎదురుగాలంటాడు.

ఎటూ తేలక, ఒక సాయంత్రం యాంబా అనే తీరపు ఊళ్ళోని కారవాన్ పార్కు చూడ్డానికి వెళ్ళారు. అప్పుడే వచ్చినతను ఒకడు కారవాన్‌ని వెనక్కి నడిపి తన జాగాలో పెట్టలేక అవస్థ పడుతున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలు వేసుకుని, చేతిలో బీరుతో, తిరనాళ్ళలో గారడీ చూసినట్టు చూస్తున్నారు.

"ఎడమకి! నీ ఎడమ కాదయ్యా, నా ఎడమ!" అని అతని భార్య అరుస్తోంది.

"చెట్టుని కూడా లోపల పెట్టేస్తావా గురూ?" అన్నారెవరో, కారవాన్ పక్కనున్న చెట్టుకి తగలబోతుంటే.

క్లైవ్ మొహం పాలిపోయింది. నోరీన్ అది చూడనే చూసింది.

"ఓహో, టైర్లు కాదన్నమాట!"

"ఇంతమంది ముందు నావల్ల కాదు, నోరీన్."

"నిన్నెవరు చెయ్యమన్నారు? మా నాన్న డెయిరీలో పాలక్యాన్ల ట్రైలర్‌ని రోజూ షెడ్డులోకి వెనక్కి పెట్టింది ఎవరనుకున్నావు? నేను నడుపుతా. నువ్వు వెనక నిలబడి చెయ్యూపు."

"అరవొచ్చా?"

"అరిచావంటే నిన్నక్కడే వదిలేసి చేపలకి పోతా."

క్లైవ్ చాన్నాళ్ళకి మనసారా నవ్వాడు. "సరే, కారవానే," అని, పక్కాయన్ని అడిగి రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. ఆ కారవాన్ సర్దుకునేదాకా ఇద్దరూ హాయిగా కూర్చుని చూశారు.