టైల్సుకు కన్నం పడకూడదు

నా వంటింటి టైల్స్ చూసి కుళ్ళుకోని ఆడది ఈ వీధిలో లేదు. నీలం రంగు, ముఖం చూసుకోవచ్చు. వాటికి కన్నాలు కొడతానన్నాడు ప్లంబరు. ఒళ్ళు మండదా మరి?

చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండేందుకు గదుల్లోని గొట్టాలకి వేడినీళ్ళు పంపే బాయిలర్ మా వంటింటి మూలనే ఉంది. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయట. ఆ ఒత్తిడి ఓర్చుకోవడానికి దాని పైపుకి గుమ్మడికాయంత ఎర్ర ట్యాంకు తగిలించాడు.

“దీన్ని బ్రాకెట్టుతో గోడకి బిగించాలమ్మా. లోపల రబ్బరు సంచిలో గాలి ఉన్నన్నాళ్ళూ తేలికే. సంచి చిరిగిందంటే ట్యాంకు నిండా నీళ్ళే. ఆ బరువుకి పైపు విరిగిపోద్ది.”

“చిరిగినప్పుడు చూద్దాంలే. నా గోడ జోలికి మాత్రం రాకు” అన్నాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇక మా ఆడపడుచు సంగతి. పెళ్ళీ పెటాకులూ లేకుండా మా నెత్తిన కూర్చుంది. బట్టలు కుడుతుంది, పనితనం ఉందనే చెప్పాలి. ఆ సంపాదనతోనే ఒక అద్దెగది చూసుకుంది. వచ్చే వారమే మకాం మార్పు. ఎప్పుడు కదులుతుందా అని నేను వేయికళ్ళతో ఎదురుచూస్తున్నాను.

ఈలోగా ఒక మధ్యాహ్నం స్నేహితురాళ్ళను పిలిచాను. టైల్స్ చూపించాలిగా! వాళ్ళు వచ్చే వేళకి వంటింట్లోంచి ఆడపడుచు కేకేసింది.

“వదినా! ట్యాంకు వేలాడిపోతోంది! పైపు దగ్గర నీళ్ళు కారుతున్నాయి!”

ప్లంబరుకి ఫోన్ చేశాను. “ముందు బాయిలర్ ఆపేయండి. దాని దగ్గర ఎవరూ ఉండొద్దు. వస్తున్నా” అన్నాడు. ఆపితే ఇల్లు చల్లబడదూ? వచ్చినవాళ్ళు వణుకుతూ కూర్చోవాలా?

“వాడొచ్చేదాకా చేతులతో ఎత్తి పట్టుకో” అన్నాను.

“బాయిలర్ ఆపక్కర్లేదా వదినా?”

“అన్నీ నీకెందుకు? ఇన్నాళ్ళు తిన్న తిండికి ఈ మాత్రం చెయ్యలేవా?”

రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. నేను వెళ్ళి స్నేహితురాళ్ళను ముందుగదిలో, వెచ్చగా ఉన్నచోట కూర్చోబెట్టాను. “చేతులు లాగేస్తున్నాయి వదినా!” అని లోపలి నుంచి అరిచింది. ఎవరని అడిగారు. “పనిమనిషి, ఊరికే గోల చేస్తుంది” అన్నాను. అందరం నవ్వుకున్నాం.

అప్పుడే పైపు ఫట్‌మని విరిగింది. ఆ వెనకే ఆడపడుచు కేక.

మరిగిన నీళ్ళకి రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. టైల్స్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రిలో మా ఆయన, “దాన్ని ఎందుకు పట్టుకున్నావమ్మా?” అని చెల్లెల్ని అడిగాడు.

“వదిన పట్టుకోమంది” అంది అది, ఏడవకుండా.

ఆ రోజు నుంచి మా ఆయన నాతో మాట్లాడడు. దాని వేళ్ళు ఇక వంగవని, సూది పట్టుకోవడం కల్ల అని డాక్టరు చెప్పేశాడు. అద్దెగదిలోకి వేరెవరో దిగారు. దానికి తల దువ్వేదీ, స్నానం చేయించేదీ, ముద్ద కలిపి నోట్లో పెట్టేదీ నేనే. ఏడుపొస్తుంది, దాని కోసం కాదు, నా కోసం.

నిన్న ముద్ద పెడుతూ, ఆశ చావక, “చేతులు కాస్త కుదుటపడితే ఇంకో గది చూద్దాంలే” అన్నాను.

“ఎందుకు వదినా? నాకు నీ చేతులున్నాయిగా” అంటూ ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది.